జామెట్రీ బాక్సు పడిన రోజు

ఫిబ్రవరి 3, సోమవారం

సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ప్రతి లెక్చరూ మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఇంగ్లీషులోనే జరగాలట. ఈ యూనివర్సిటీలో చేరిన తొమ్మిదేళ్ళలో ఇలాంటి కాగితం మీద ఇది నా నాలుగో సంతకం. సంతకం పెట్టడం, తలుపు వేసుకుని పిల్లలకు అర్థమయ్యే భాషలో పాఠం చెప్పుకోవడం, ఇంతకాలం జరిగింది అదే. ఈసారి కాగితంతో పాటు కెమెరా కూడా వచ్చింది. బోర్డుకి ఎదురుగా గోడ మీద బిగించారు. బొమ్మే కాదు, మాట కూడా పడుతుందట.

ఇంకో సంగతి. నా పర్మనెంటు ఫైలు కదిలింది. 26న కమిటీ వచ్చి నా క్లాసులో కూర్చుంటుంది. ఇది పోతే జూన్‌తో కాంట్రాక్టు అయిపోతుంది, వచ్చే ఏడాది కొత్తగా దరఖాస్తు పెడదామన్నా వయసు దాటిపోతుంది. నలభై నాలుగేళ్ళకి మళ్ళీ ఎవరి గుమ్మం ఎక్కను?

మా ఆయనకి చెప్పాను. బస్సు డిపోలో టైమ్‌కీపరు కదా, ఏ కబురు చెప్పినా బస్సు లేటు కబురు విన్నట్టే వింటారు. ఇంగ్లీషులోనే చెప్పెయ్, నీకు రాదా ఏంటి అన్నారు. వచ్చు. రాకేం.

ఫిబ్రవరి 4, మంగళవారం

సెకండియర్ సివిల్‌కి మొదటి ఇంగ్లీషు లెక్చరు. బరువు పడితే బీము ఎలా వంగుతుంది, ఏ వైపు సాగుతుంది, ఏ వైపు నొక్కుకుంటుంది. నలభై ఐదు నిమిషాలు గడగడా చెప్పేశాను. ఒక్క తప్పు దొర్లలేదు. యాభై ఎనిమిది మందీ తలలూపారు. ప్రశ్నలు లేవు. అర్థమైనట్టే.

బాగానే జరిగింది.

ఫిబ్రవరి 6, గురువారం

పెద్దక్క బెంచీ మీద ఆ జామెట్రీ బాక్సు చూసి నవ్వొచ్చింది. పాపం, దానికి ఇప్పుడు పని లేదు.

పెద్దక్క అంటే తలుపు పక్క మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి. ఇరవై ఏడేళ్ళు. ఆరేళ్ళు కట్టడాల దగ్గర సూపర్‌వైజరుగా చేసి, డిగ్రీ లేదని ఎవడో చులకనగా మాట్లాడితే పంతం పట్టి వచ్చి చేరింది. క్లాసులో పిల్లలంతా పెద్దక్కా అని పిలుస్తారు, నాకూ అదే అలవాటయింది.

ఆ బాక్సు ఆమెది కాదు. ఎనిమిదేళ్ళ క్రితం ఏదో బ్యాచ్‌లో ఎవరో కొన్న రేకు పెట్టె. నేను తెలుగులో పాఠం చెబుతుండగా వరండాలో మా డిపార్ట్‌మెంటు హెడ్ గారి చెప్పుల కిర్రు వినిపిస్తే, తలుపు పక్కన కూర్చున్నవాళ్ళు దాన్ని కింద పడెయ్యాలి. టప్‌మంటే నేను వాక్యం మధ్యలోంచే ఇంగ్లీషులోకి దూకేసేదాన్ని. ఆయన దాటిపోయాక మళ్ళీ టప్. మళ్ళీ తెలుగు. ఏడాది చివర తలుపు పక్కవాళ్ళు కింది బ్యాచ్ వాళ్ళకి ఆ పెట్టె అప్పగించి పోతారు. పడీ పడీ నాలుగు మూలలూ చొట్టలే. మూత సరిగా పడదు.

ఇదంతా తప్పు పని అని ఇప్పుడు అనిపిస్తోంది. దొంగాటలెందుకు? ఇంగ్లీషులోనే చెబితే పిల్లలకే మంచిది, రేపు ఇంటర్వ్యూలకి పనికొస్తుంది.

ఫిబ్రవరి 10, సోమవారం

పొద్దున వంటింట్లో నిలబడి ఇవాళ్టి లెక్చరు ప్రాక్టీసు చేశాను. అల్లరి చేసేవాళ్ళని ఎలా మందలించాలో అది కూడా చేశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విని, "బాగుంది. తిట్టినా మర్యాద చేసినట్టుంది" అన్నారు.

నిజమే. ఇంగ్లీషులో నాకు కోపం రాదు. వారం రోజులుగా ఒక్కణ్ణి కూడా ఒరేయ్ అనలేదు. క్లాసు ఎంత ప్రశాంతంగా ఉందో. గోడకున్న ఫ్యాను చప్పుడు కూడా వినిపిస్తోంది.

ఫిబ్రవరి 12, బుధవారం

బాగానే జరిగింది. ప్రశ్నలు లేవు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

బాగానే జరిగింది. ప్రశ్నలు లేవు.

సంచి సర్దుతుంటే అడుగున స్పాంజి కనిపించింది. పరుపు కుట్టించగా మిగిలిన ముక్క, ఇటుకంత ఉంటుంది. దాని పక్క భాగం మీద నిలువుగా నల్ల గీతలు గీసి పెట్టుకున్నాను. రెండు చివర్లా ఆనించి మధ్యలో నొక్కితే పై గీతలు దగ్గరికి వస్తాయి, కింది గీతలు విచ్చుకుంటాయి. విచ్చుకునే వైపే ఇనుప కడ్డీ వెయ్యాలి, ఎందుకంటే కాంక్రీటు నొక్కుడికి తట్టుకుంటుంది గానీ సాగదీస్తే పగులుతుంది. ఇది చూపిస్తే ఇక ఎవరూ మరిచిపోరు. ఈసారి తియ్యలేదు. కమిటీ వాళ్ళకి పరుపు ముక్క పట్టుకుని పాఠం చెప్పేదానిలా కనిపించడం ఎందుకు? అయినా సంచిలోనే ఉండనిచ్చాను. పడేసేదేముంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

నిన్నటి యూనిట్ టెస్టు పేపర్లు దిద్దాను. నాలుగో ప్రశ్న బాల్కనీ. గోడలోంచి బయటికి వచ్చిన పలక, రెండో చివర కింద ఆధారం లేదు. కడ్డీ ఎక్కడ వేస్తారో బొమ్మ గీసి చూపించమన్నాను.

యాభై ఎనిమిది మందిలో నలభై ఏడు మంది కడ్డీ కింద వేశారు.

బాల్కనీ కొస కిందికి వంగుతుంది, పై భాగమే విచ్చుకుంటుంది. కడ్డీ పైనే ఉండాలి. కింద వేస్తే మనుషులు ఎక్కిన రోజున ఊడి పడుతుంది. ప్రతి ఏడూ ఈ ప్రశ్న ఇస్తాను, ముగ్గురో నలుగురో తప్పుతారు. ఈసారి నలభై ఏడు. కడ్డీ కింద వేసి, పక్కన నేను ఇంగ్లీషులో చెప్పిన వాక్యాలు పొల్లు పోకుండా రాశారు. వాక్యం కరెక్టు. బొమ్మ కూలిపోతుంది.

చదవరు. ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఈ బ్యాచే అంత.

పెద్దక్క పేపరు కూడా చూశాను. కిందే వేసింది.

ఫిబ్రవరి 19, బుధవారం

ఈ బ్యాచే అంత అని నిన్న రాశాను. పోయిన నెల స్పాంజి చూపించి చెప్పిన షియర్, అదే కోత బలం, పాఠం టెస్టులో ఇదే బ్యాచ్ బ్రహ్మాండంగా రాసింది.

పగలంతా తలుపు మాస్టారే గుర్తొస్తున్నారు. నేను తెలుగులో చదువుకుని ఇంజనీరింగుకి వచ్చినదాన్ని. మొదటి పరీక్షలో నాకు వందకి పదకొండు. పెట్టె సర్దుకుని ఇంటికి పోదామనుకున్నాను. అప్పుడు ఒక మాస్టారు, క్లాసులోకి వస్తూనే తలుపు వేసి గడియ పెట్టి, పుస్తకం మూసి, మన మాటల్లో చెప్పడం మొదలుపెట్టారు. అందుకే ఆయనకి ఆ పేరు. ఆ ఏడాది చివర నాకు డెబ్బై నాలుగు. ఆయన ఏ కమిటీకి భయపడ్డారో, ఎన్ని సంతకాలు పెట్టారో నేను ఒక్కసారి కూడా అడగలేదు. నేను తింటున్న ప్రతి ముద్దలో ఆయన గడియ చప్పుడు ఉంది. చెప్పుకోవడానికి ఆయన ఇప్పుడు లేరు.

సెమిస్టరు పరీక్షలో బాల్కనీ ప్రశ్న ఇవ్వకూడదని అనుకుంటున్నాను. మామూలు బీము ఇస్తే సరిపోతుంది. అందులో కింద వేసినా కరెక్టే.

ఫిబ్రవరి 21, శుక్రవారం

హెడ్ గారు పిలిచారు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. కమిటీలో తనతో పాటు రిజిస్ట్రార్ ఆఫీసు అధికారి ఒకరు, బయటి నుంచి వంతెనలు కట్టి రిటైరైన పెద్ద ఇంజనీరు ఒకరు ఉంటారని చెప్పారు. ఆ ఒక్క గంట జాగ్రత్తగా ఉండమని, ఆ తర్వాతది తర్వాత చూసుకుందామని అన్నారు.

బయటికి వస్తే స్టాఫ్ రూము దగ్గర పెద్దక్క నిలబడి ఉంది, చేతిలో తన టెస్టు పేపరు, నాలుగో ప్రశ్న దగ్గర తెరిచి. అర్థం కాలేదు మేడం, ఒక్కసారి చెప్పండి అంది. కమిటీ అయ్యాక చెబుతానన్నాను. సరే మేడం అని వెళ్ళిపోయింది. వెనక్కి పిలవలేదు. ఆ వరండాలో కూడా కెమెరా ఉందేమోనని అనుకున్నాను.

లేదు. తర్వాత చూశాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

రేపే. చీర ఇస్త్రీ చేసి పెట్టారు మా ఆయన. అడగలేదు నేను.

ఫిబ్రవరి 26, బుధవారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. రేపటికి నేనే నమ్మను.

పదకొండింటికి క్లాసు. ముగ్గురూ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పిల్లలంతా ఎవరో పోయినట్టు తలలు దించుకుని ఉన్నారు. ఇంగ్లీషులో మొదలుపెట్టాను. నా గొంతు నాకే బస్టాండులో అనౌన్స్‌మెంటులా వినిపించింది. అధికారి తల పంకించి ఏదో రాసుకున్నారు. పదిహేను నిమిషాలు అలా నడిచింది. ఇంకో అరగంట గడిస్తే పర్మనెంటు.

టప్‌మంది.

రేకు పెట్టె నేల మీద పడింది. స్కేలు, కంపాసు, పెన్సిల్ ముక్కలు అన్నీ చెల్లాచెదురు. ఆ చప్పుడుకి నా నోరు ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పనే చేసింది. చప్పుడైతే భాష మార్చాలి. ఇంగ్లీషులో ఉన్నాను గనక తెలుగులోకి మార్చింది. మారానన్న స్పృహ నాకు లేదు. ఒట్టు, లేదు.

"ఏరా, ఆ బొమ్మ చూస్తే ఏమన్నా తెలుస్తోందా? తెలిస్తే టెస్టులో ఆ ఘోరం ఎందుకు చేస్తారు?" అన్నానట. సంచిలోంచి స్పాంజి తీశాను. రెండు పుస్తకాల మీద ఆనించి మధ్యలో నొక్కాను. ముందు బెంచీలవాళ్ళు లేచి నిలబడ్డారు, వెనకవాళ్ళు బెంచీలెక్కారు. గీతలు చూడండి, ఎక్కడ ఇరుకయ్యాయి, ఎక్కడ విచ్చుకున్నాయి అంటూ అడుగుతున్నాను. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మూడో వరసలోవాడు, మూడు వారాలుగా నోరు తెరవనివాడు, చెయ్యెత్తి బాల్కనీలో కూడా కడ్డీ కిందే కదా మేడం అన్నాడు.

"నువ్వు కట్టిన బాల్కనీ కింద నా బండి కూడా పెట్టనురా" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. మూడు వారాల తర్వాత విన్నాను ఆ నవ్వు. ప్రాణం లేచొచ్చింది. స్పాంజిని టేబుల్ అంచు మీద పెట్టి, ఒక చివర నా చేత్తో అదిమి, గాల్లో ఉన్న చివర వాణ్ణే నొక్కమన్నాను. నొక్కాడు. పై గీతలు విచ్చుకున్నాయి. వాడు కాసేపు దాన్నే చూశాడు. అయితే పైన వెయ్యాలి, మేమందరం కూలగొట్టేశాం అన్నాడు మెల్లగా.

అప్పుడు టైమెంతైందో చూద్దామని తలెత్తాను. గడియారం కింద హెడ్ గారి ముఖం.

పన్నెండు నిమిషాలు. అంతసేపూ తెలుగులోనే. ఇంగ్లీషు గానీ తెలుగు గానీ ఒక్క ముక్క బయటికి రాలేదు.

పెద్ద ఇంజనీరు లేచి నెమ్మదిగా ముందుకొచ్చారు. నా చేతిలోంచి స్పాంజి తీసుకుని, చివర్లకి కాస్త ఇవతలగా రెండు పుస్తకాలు ఎడంగా ఆసరా పెట్టి, దాని రెండు చివర్లూ బయటికి ఉండేలా సర్దారు. ఇప్పుడు కడ్డీ ఎక్కడెక్కడ వేస్తారు అని అడిగారు. ఆయన కూడా తెలుగులోనే అడిగారు, అలా అడిగానని ఆయనకీ తెలిసినట్టు లేదు. అధికారి అది కూడా రాసుకున్నారు. పిల్లలు ఒకరి మాట ఒకరు తోసుకుంటూ చెప్పారు, ఆసరాల మీద పైన, మధ్యలో కింద అని. సరిగ్గా చెప్పారు. ఆయన స్పాంజి నా చేతిలో పెట్టి నమస్కారం పెట్టారు.

పెద్దక్క నేల మీద కూర్చుని పెన్సిల్ ముక్కలు ఏరుకుంటోంది. నా వైపు చూడలేదు. పాపం, చెయ్యి తగిలి పడింది, తన వల్ల నా ఉద్యోగం పోయిందని కుమిలిపోతుందేమో. రేపు ఓదార్చాలి.

ఫిబ్రవరి 27, గురువారం

పెద్దక్క రాలేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

హెడ్ గారి గది. రిపోర్టు నా ముందుకి తోశారు. బోధనా భాష అన్న చోట "నిబంధన పాటించలేదు" అని ఉంది. కింద పెద్ద ఇంజనీరు చేతిరాత: "మొదటి పదిహేను నిమిషాలు ఈమె నిబంధన పాటించారు. తర్వాత పన్నెండు నిమిషాలు పాఠం చెప్పారు. రెండూ నేను చూశాను."

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. హెడ్ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు, నేను ముక్కు తుడుచుకునే దాకా. తర్వాత సంతకం పెట్టి పైకి పంపక తప్పదన్నారు. నాకు తెలుసు. అబద్ధం రాయమని నేనూ అడగను.

మార్చి 5, బుధవారం

ఉత్తరం వచ్చింది. పర్మనెంటు ఇవ్వలేదు. తీసెయ్యనూ లేదు. పరిశీలన గడువు ఇంకో ఏడాది పొడిగించారు, వచ్చే ఫిబ్రవరిలో మళ్ళీ కమిటీ. ఫైలు అదే గనక వయసు అడ్డం రాదట. ఏడాది పొడుగునా మళ్ళీ ఈ కత్తి నెత్తి మీద వేలాడాలి. భోజనం దగ్గర మా ఆయనకి చదివి వినిపించాను.

"బస్సు క్యాన్సిల్ కాలేదుగా. లేటు, అంతే" అన్నారు.

ఈ మనిషిని కట్టుకున్నందుకు పందొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు సంతోషించానో లెక్క లేదు. ఇవాళ ఇంకోసారి.

మధ్యాహ్నం నోటీసు బోర్డులో కొత్త టైమ్‌టేబులు. నా నాలుగు లెక్చర్లలో రెండు ట్యుటోరియల్స్ అయ్యాయి. గది పన్నెండు, వెనక పాత బిల్డింగులో. కెమెరా లేదు. సర్క్యులర్ తీసి మళ్ళీ చదివాను. లెక్చర్లు అని ఉంది. ట్యుటోరియల్ అన్న మాట ఎక్కడా లేదు. హెడ్ గారిని అడిగితే, గది ఖాళీగా ఉంది కదా అన్నారు.

ఆయన వెనకే ఆఫీసు దాకా నడిచాను. చెప్పులు చప్పుడు చెయ్యలేదు. అవే చెప్పులు. మా క్లాసు వరండా మలుపు తిరగగానే మడమ ఈడుస్తూ నడవడం మొదలుపెట్టారు. కిర్రు, కిర్రు. ఎనిమిదేళ్ళుగా నేను ఆయన్ని మోసం చేస్తున్నానని అనుకుంటున్నాను. ఆయనకి దండం పెట్టాలనిపించింది. పెడితే కంగారు పడతారు, అందుకని ఊరుకున్నాను.

మార్చి 12, బుధవారం

నిన్న పన్నెండో గదిలో చిన్న టెస్టు పెట్టాను. బాల్కనీ. యాభై ఎనిమిదిలో యాభై ఐదు మంది కడ్డీ పైన వేశారు. ముగ్గురు కింద. ఆ ముగ్గురినీ టేబుల్ దగ్గరికి పిలిచి స్పాంజి చేతికిచ్చి నొక్కించాను. తిట్టాను కూడా. హాయిగా తిట్టాను.

పెద్దక్క మాత్రం ఇప్పటికీ నన్ను తప్పించుకు తిరుగుతోంది. టెస్టు రాసి వెళ్ళిపోయింది. కరెక్టుగానే రాసింది.

మార్చి 14, శుక్రవారం

ట్యుటోరియల్ అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. పెద్దక్క ఉండిపోయింది. రేకు పెట్టె తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఇది నా దగ్గర ఉండటానికి వీల్లేదు మేడం, ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి అంది. చెయ్యి తగిలి పడితే దానికింత బాధ ఎందుకు, పోనీలే అన్నాను.

"తగల్లేదు మేడం. నేనే పడేశాను."

ఆమె తల దించుకునే చెప్పింది. సూపర్‌వైజరుగా చేసినప్పుడు ఒక ఇంట్లో బాల్కనీ కింది సెంట్రింగు చెక్కలు విప్పుతుంటే ఊడి పడిందట. కింద ఉన్నది ఆమె అన్నయ్య, అక్కడే మేస్త్రీగా పనిచేస్తున్నాడు. నడుము పోయింది. ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తాడు. కడ్డీలు కింద వేశారని తర్వాత ఎవరో అన్నారు గానీ, కింద వేస్తే ఎందుకు పడుతుందో ఎవరూ చెప్పలేదు. అది తెలుసుకోవడానికే ఈ చదువుకి వచ్చింది. డిగ్రీ, ఎవడో చులకన చేయడం, అదంతా నలుగురికీ చెప్పుకునే మాట.

"మా అన్నయ్యని పడేసిన బొమ్మే టెస్టులో గీశాను మేడం. మీరు చెప్పిన ఇంగ్లీషు వాక్యం మొత్తం రాసి, పక్కన అదే గీశాను. పేపరు వెనక్కి వచ్చాక చూసుకున్నాను. మీ దగ్గరికొస్తే కమిటీ అయ్యాక అన్నారు. కమిటీ అయ్యి మీరు పర్మనెంటైతే ఇక ఎప్పటికీ అలాగే చెబుతారని భయమేసింది. బాక్సు పడితే మీరు తెలుగులోకి తిరుగుతారని తెలుసు. మీ ఉద్యోగం పోతుందని కూడా తెలుసు. తెలిసే పడేశాను."

కోపం వచ్చింది. ఒళ్ళంతా మండింది. తొమ్మిదేళ్ళ నా కష్టం, మా ఇంటి సంగతి, వీటిని ఈ పిల్ల ఒక్క చేత్తో నేలకేసి కొట్టింది. నోటిదాకా వచ్చిన మాటలన్నీ తెలుగు మాటలే. అయితే ఆ మాటల వెనకే నాలుగో ప్రశ్న పేపరు పట్టుకుని వరండాలో నిలబడిన ఆమె ముఖం వచ్చింది. సెమిస్టరు పరీక్షలోంచి బాల్కనీ తీసేద్దామని నేను ఈ డైరీలోనే రాసుకున్న మాట కూడా వచ్చింది.

అన్నయ్య ఎలా ఉన్నాడని అడిగాను. కూర్చుని చేసే పని ఏదో చూసుకున్నాడట, టైలరింగు నేర్చుకుంటున్నాడట. బాల్కనీ ఎందుకు పడిందో మొన్న పరుపు ముక్కతో అతనికి చూపించిందట. అతను దాన్ని చాలాసేపు నొక్కి చూసుకున్నాడట. ఆ రోజు కడ్డీ ఎక్కడుందో నేను చూసుకోలేదమ్మా, ఇంకెవరూ పడకుండా నువ్వు చూసుకో అన్నాడట.

పెట్టె మూత నొక్కి చూశాను. ఇంకా సరిగా పడటం లేదు. దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టాను.

"వారానికి రెండు లెక్చర్లు ఆ కెమెరా గదిలోనే ఉన్నాయి. థర్డియర్‌లోనూ మీకు నేనే, ఈ పెట్టె కింది బ్యాచ్‌కి ఇవ్వకు. వచ్చే ఫిబ్రవరిలో కమిటీ మళ్ళీ వస్తుంది. నేను మళ్ళీ భయపడతాను. నా సంగతి నాకు తెలుసు" అన్నాను. "అప్పుడు కూడా తలుపు పక్కనే కూర్చో."